నాన్నగారి దగ్గర మనిషి ఎందుకు నిలవడం లేదు? హోమ్ కేర్ లోపలి లెక్కలు

మీరు రెండు విషయాలు అడిగారు. గుంటూరు బ్రాడీపేటలో మీ నాన్నగారు పక్షవాతంతో మంచం పట్టారు, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, మీరు బెంగళూరులో, చెల్లెలు డల్లాస్‌లో. ఏజెన్సీ పంపిన మనుషులు ఒకరి తర్వాత ఒకరు మానేస్తున్నారు, ఈ రంగం ఎప్పటికైనా గాడిన పడుతుందా అన్నది మొదటిది. నర్సుగా పనిచేస్తున్న మీ బంధువులమ్మాయి విజయవాడలో ఇలాంటి ఏజెన్సీయే పెడదామంటోంది, డబ్బు పెట్టవచ్చా అన్నది రెండోది.

నేను జీఎన్ఎం అనే నర్సింగ్ కోర్సు చేసి, విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల్లో వార్డు డ్యూటీలు చేసి, ఇప్పుడు విజయవాడ, గుంటూరు, తెనాలి ఇళ్ళకు మనుషుల్ని పంపే చిన్న ఆఫీసు చూసుకుంటున్నాను. ఇంటివాళ్ళ ఫోన్లూ నాకే వస్తాయి, పనికి వెళ్ళినవాళ్ళ ఫోన్లూ నాకే వస్తాయి. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను.

మానేసిన అమ్మాయిని తిట్టుకునే ముందు ఒక లెక్క వేయండి. వారానికి 168 గంటలు. ఫ్యాక్టరీలోనో ఆఫీసులోనో మనిషి చేత చేయించేది వారానికి 48 గంటలు. అంటే మంచంలో ఉన్న మనిషిని రాత్రింబగళ్ళు చూసుకోవాలంటే మూడున్నర మంది పని. మనం ఆ మూడున్నర మంది పనినీ ‘24 గంటల అటెండెంట్’ అని పేరు పెట్టి ఒక్క మనిషి నెత్తిన పెడుతున్నాం. ఆమె చేతికి నెలకు 18,000 వస్తాయనుకోండి. 720 గంటలకు భాగిస్తే గంటకు 25 రూపాయలు. మన ఊళ్ళో హోమ్ కేర్ ‘అందుబాటు ధర’లో దొరుకుతోందంటే కారణం ఇదే. ఇందులో ఏజెన్సీ తెలివితేటలేమీ లేవు. ఒక ఆడమనిషి నిద్ర మానుకోవడం వల్ల వచ్చిన ధర అది.

“రాత్రి పడుకుంటుంది కదండీ, ఇరవై నాలుగు గంటలూ పనేముంది?” అంటారు చాలామంది. పక్షవాతం పేషెంట్ దగ్గర ఒక్క రాత్రి కూర్చుంటే ఆ మాట అనరు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మధ్యలో డైపర్ చూడాలి. గొంతులో కఫం గురగురలాడితే లేచి చూడాలి. పైగా స్ట్రోక్ వచ్చిన పెద్దవాళ్ళలో చాలామందికి పగలూ రాత్రీ తారుమారైపోతాయి. పగలంతా నిద్ర, రాత్రి పన్నెండుకు మొదలుపెట్టి పిలుపులు. పొద్దున ఆరింటికి అమ్మగారు లేచి కాఫీ పెట్టమంటారు, ఆ తర్వాత అంట్లు కూడా ఆ అమ్మాయే తోమాలని మెల్లగా ఒక అలవాటు వచ్చేస్తుంది. పనిమనిషి రాని రోజు ఇల్లు ఊడవడం ఎలాగూ ఉంది. మూడో వారానికల్లా “మా అమ్మకు బాగాలేదండీ, ఊరెళ్ళాలి” అని ఫోను. అమ్మకు బాగానే ఉంటుంది. నిద్ర లేక ఈమెకే బాగాలేదు.

ఇక్కడ కొంచెం పని గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ పని తేలికనుకునే చోటే అసలు తప్పు మొదలవుతోంది. కదలకుండా పడుకున్నవాళ్ళకు ఒత్తిడికి పుండ్లు పడేది నడుము కింద తోక ఎముక దగ్గర, తుంటి దగ్గర, మడమల దగ్గర. చర్మం ఎర్రబడి, వేలితో నొక్కి వదిలినా తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే బెడ్‌సోర్ మొదలైనట్టే. ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని పక్క మార్చడం మానేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఎయిర్ బెడ్ సాయం చేస్తుంది గాని పక్క మార్చే పని తప్పించదు. మన మే నెల ఎండలకు రబ్బరు షీటు మీద వీపు తడిసిపోతుంది, ఆ చెమ్మకు పుండ్లు ఇంకా తొందరగా పడతాయి. ఆహారం ఇవ్వడానికి ముక్కు ద్వారా పొట్టలోకి రైల్స్ ట్యూబు పెట్టినవాళ్ళకు మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, మెల్లగా ఫీడ్ ఇచ్చి, అయ్యాక కనీసం అరగంట అలాగే కూర్చోబెట్టి ఉంచాలి. పడుకోబెట్టి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా రావచ్చు, మళ్ళీ ఐసీయూ. నెల అంతా మిగిల్చిన డబ్బు అక్కడ రెండు రోజుల్లో పోతుంది. ఇవన్నీ పద్ధతిగా చేసే మనిషిని ‘ఆయమ్మ’ అని పిలిచి ఆయమ్మ జీతం ఇస్తున్నాం.

అసలు ఈ మనుషులు ఎక్కడి నుంచి వస్తున్నారో మీకు తెలిస్తే, ఎందుకు వెళ్ళిపోతున్నారో కూడా అర్థమవుతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పల్నాడు, ప్రకాశం పల్లెల నుంచి, ఇటు తిరువూరు, నూజివీడు వైపు నుంచి. భర్త చనిపోయినవాళ్ళు, భర్త తాగి వదిలేసినవాళ్ళు, పిల్లల ఫీజుల కోసం వచ్చినవాళ్ళు. జనవరిలో మిరప కోతలు మొదలైతే మా ఆఫీసులో ఫోను మోగుతూనే ఉంటుంది, పంపడానికి మాత్రం మనిషి ఉండదు. కోతకు వెళ్తే సాయంత్రానికి కూలి చేతిలో పడుతుంది, రాత్రి తన ఇంట్లో తన పిల్లల పక్కన పడుకుంటుంది, మలమూత్రాలు ఎత్తక్కర్లేదు. మిరప కోత దగ్గర ఓడిపోతున్నాం మేము. దానికి ముందు క్రిస్మస్, సంక్రాంతి. డిసెంబరు ఇరవై దాటితే సగంమంది ఊళ్ళకు వెళ్ళిపోతారు. వాళ్ళ పండుగ వాళ్ళు చేసుకోవాలి కదా. ఏడాది ముందే తెలిసిన ఈ రెండు నెలల కొరతకు ముందుగా సిద్ధపడే ఇల్లు నాకు అరుదుగా కనిపిస్తుంది.

ఇంకొకటి, ఎవరూ పైకి అనరు. మనిషిని పంపమని ఫోను చేసినవాళ్ళు పేరు అడిగాక ఇంటిపేరు అడుగుతారు, ఆ తర్వాత “వాళ్ళేమిట్లు?” అని అడుగుతారు. వంట చేయించం, ఒళ్ళు మాత్రమే తుడిపిస్తాం, అయినా కులం కావాలి. కంచం వేరు, గ్లాసు వేరు, పడక బాల్కనీలో. నాన్నగారి ఒంటిని తాకి కడిగే చేతికి ఇంట్లో గ్లాసు ఇవ్వలేకపోతే ఆ చేయి ఎన్నాళ్ళు ఉంటుంది? మీ ఇంట్లో ఇలా జరుగుతోందని నేననడం లేదు. కాని మీరు బెంగళూరులో ఉన్నారు, అమ్మగారు ఏమంటున్నారో ఒకసారి కనుక్కోండి. మనుషులు మానేసినప్పుడు జీతం కంటే ముందు నాకు వినిపించే ఫిర్యాదు తిండీ పడకే.

ఇక మగ పేషెంట్లు పనికి వెళ్ళిన ఆడవాళ్ళ మీద చేతులు వేయడం, అసభ్యంగా మాట్లాడటం. మతిమరుపు జబ్బు వల్ల తెలియకుండా చేసేవాళ్ళు కొందరుంటారు, తెలిసే చేసేవాళ్ళూ ఉంటారు, ఇంట్లో మిగతా మగవాళ్ళ సంగతి వేరే. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం ఇల్లు కూడా పని స్థలమే, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఆ కమిటీ ఒకటుందని మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎవరికీ తెలియదు. చెబుతుంటాను, చెబితే భయపడతారు. చేసేదేమిటంటే చెప్పకుండా సంచి సర్దుకుని వెళ్ళిపోవడం. ఇంటివాళ్ళ లెక్కలో అది ‘బాధ్యత లేని మనిషి’ కింద పడుతుంది.

ఇప్పుడు రంగం ముందు ఏముందో చూద్దాం. జనాభా అంచనాల ప్రకారం 2021 నాటికి మన ఆంధ్రప్రదేశ్‌లో 60 ఏళ్ళు దాటినవాళ్ళు 12.4 శాతం, దేశం మొత్తం మీద 10.1 శాతం. 2031 నాటికి మనది 16.4 శాతానికి చేరుతుందని అంచనా. ఇంకోవైపు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు 1.7. ఒకప్పుడు ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న ప్రభుత్వమే 2024లో ఆ నిబంధన ఎత్తేసిందంటే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పిల్లలు పుట్టడం తగ్గిందన్నది ఒకటైతే, పుట్టిన పిల్లలు హైదరాబాదు, బెంగళూరు, అమెరికా వెళ్ళిపోవడం రెండోది. పటమటలో, లక్ష్మీపురంలో అపార్ట్‌మెంట్లు ఎక్కి చూడండి, ఫ్లోరుకు ఒక ఫ్లాట్‌లోనైనా ఇద్దరు ముసలివాళ్ళూ ఒక టీవీ.

అందరూ ఇక్కడిదాకా వచ్చి “చూశారా, డిమాండ్ ఎంత పెరుగుతోందో, మంచి వ్యాపారం” అంటారు. మీ బంధువులమ్మాయి కూడా అదే అని ఉంటుంది. ఎవరూ చూడని విషయం ఏమిటంటే, ఆ 1.7 అనే అంకె మీ ఇంటికే కాదు, పనికి వచ్చే ఆమె ఇంటికి కూడా వర్తిస్తుంది. ఆమెకూ ఇద్దరే పిల్లలు, ఒక్కోసారి ఒక్కరే. ఆ ఒక్క ఆడపిల్లనూ ఇంజనీరింగో డిగ్రీయో చదివిస్తోంది, ఈ పని తన కూతురు చేయకూడదనే చదివిస్తోంది. చదివించాలి కూడా. ఇప్పుడు నా దగ్గర పనిచేస్తున్నవాళ్ళలో ఎక్కువమంది నలభై దాటినవాళ్ళు. 2031లో వాళ్ళ నడుములు నాన్నగారి లాంటి మనిషిని ఎత్తలేవు. వాళ్ళ వెనక ఎవరూ వరసలో లేరు.

ఉన్నవాళ్ళలో చురుకైనవాళ్ళకు బయటి దారులు తెరుచుకుంటున్నాయి. కువైట్ దారి గోదావరి జిల్లాలకూ కడపకూ పాతదే, ఇళ్ళలో పనికి వెళ్ళినవాళ్ళు అక్కడ ముసలివాళ్ళను చూసుకోవడం కొత్తేమీ కాదు. 2021లో మన దేశం జపాన్‌తో చేసుకున్న నైపుణ్య కార్మికుల ఒప్పందంలో వృద్ధుల సంరక్షణ కూడా ఉంది. 2023లో ఇజ్రాయెల్‌తో కుదిరిన ఒప్పందంలో కేర్‌గివర్లు ఉన్నారు. జర్మనీ మన నర్సుల కోసం చూస్తోంది, భాష నేర్పించి పంపే శిక్షణలు మన రాష్ట్రంలోనూ నడుస్తున్నాయి. వెళ్ళనివ్వండి, వాళ్ళ బతుకు బాగుపడుతుంది. నేను అనేది, అదే పనికి అక్కడ జీతం, సెలవు, పడుకోవడానికి గది ఉన్నప్పుడు ఇక్కడ గంటకు 25 రూపాయలకు మిగిలేది ఎవరు అని.

మరి డబ్బు ఎవరు పెట్టాలి? మీకు పెద్ద మొత్తం ఆరోగ్య బీమా ఉందని రాశారు. పాలసీ కాగితాల్లో మినహాయింపుల పేజీ తీసి కోడ్ ఎక్స్‌క్లూజన్ 05 చదవండి. విశ్రాంతి చికిత్స, పునరావాసం, ఇంట్లోగాని బయటగాని స్నానం చేయించడం, బట్టలు మార్చడం, నడిపించడం లాంటి సంరక్షణ, నర్సు చేసినా మామూలు మనిషి చేసినా, ఏదీ కవర్ కాదని స్పష్టంగా ఉంటుంది. అది బీమా నియంత్రణ సంస్థ ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపు, కాబట్టి కంపెనీ మార్చినా పెద్ద తేడా ఉండదు. 2024 అక్టోబరు నుంచి 70 దాటిన అందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు ఉంది, అది మంచిదే, నాన్నగారికి కార్డు లేకపోతే చేయించండి. కాని అది ఆసుపత్రి మంచానికే, ఇంటి మంచానికి కాదు. జర్మనీలో 1995 నుంచి, జపాన్‌లో 2000 నుంచి సంరక్షణ కోసమే ప్రత్యేక బీమా ఉంది, జర్మనీలో ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచే, జపాన్‌లో 40 ఏళ్ళ నుంచి దానికి డబ్బు కడతారు. మనకు అలాంటిది లేదు.

మన దగ్గర దానికి కొంచెం దగ్గరగా వచ్చేది ఒక్కటే, ఎన్టీఆర్ భరోసా పింఛను. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు 2024 జులై నుంచి నెలకు 15,000. ఆదాయ పరిమితి, మెడికల్ బోర్డు సర్టిఫికెట్ లాంటి షరతులున్నాయి, మీ కుటుంబానికి వర్తించకపోవచ్చు. కాని పేద ఇళ్ళలో దీని ప్రభావం నేను చూస్తున్నాను. కూలికి వెళ్ళే కోడలు మానేసి ఇంట్లోనే మామగారిని చూసుకుంటోంది, ఆ డబ్బు ఆమె జీతం అవుతోంది. ప్రభుత్వం ఆ ఉద్దేశంతో ఇచ్చిందో లేదో గాని, రాష్ట్రంలో సంరక్షణ పనికి ఖజానా నుంచి జీతం వెళ్తున్నది ఇక్కడే.

నియంత్రణ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. లేదు. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లో వచ్చింది. ఇంటి దగ్గర సంరక్షణ ఇచ్చే సంస్థలు తప్పనిసరిగా రిజిస్టర్ కావాలి, కనీస ప్రమాణాలు పాటించాలి అంటూ 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే ఆ సభ గడువు ముగిసింది. కాబట్టి ఒక ఫోను నంబరు, ఒక విజిటింగ్ కార్డు, తెల్ల కోట్లు కుట్టించే టైలరు ఉంటే ఏజెన్సీ అయిపోతుంది. మీ ఇంటికి వచ్చిన ‘సిస్టర్’ నిజంగా నర్సేనా అని తెలుసుకోవాలంటే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఏఎన్ఎం రెండేళ్ళు, జీఎన్ఎం మూడేళ్ళు, బీఎస్సీ నాలుగేళ్ళు. వీటితో సంబంధం లేకుండా జనరల్ డ్యూటీ అసిస్టెంట్ లాంటి కొద్ది నెలల కోర్సులు ఉన్నాయి. అవి చేసినవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు, స్నానం, ఫీడ్, పక్క మార్చడం వాళ్ళే బాగా చేస్తారు. కాథెటర్ (మూత్రపు గొట్టం) మార్చడం, ఇంజెక్షన్, ఊపిరి కోసం గొంతుకు పెట్టే ట్రాకియాస్టమీ ట్యూబు పని వాళ్ళ చేత చేయించకూడదు. ఇంటివాళ్ళు నర్సు పని అటెండెంట్ ధరకు కావాలంటారు, ఏజెన్సీ “మా అమ్మాయికి అన్నీ వచ్చండీ” అంటుంది.

యాప్‌లూ కెమెరాల సంగతి కూడా చెప్పాలి. యాప్‌లో మనిషి పుట్టదు, ఉన్న మనిషిని వెతికి పెడుతుంది, అంతే. కెమెరా పెడితే ఆమెకు చెప్పి పెట్టండి, బట్టలు మార్చుకునే చోట వద్దు. డల్లాస్ నుంచి అర్ధరాత్రి కెమెరాలో చూసి “ఎందుకు కూర్చున్నావు?” అని ఫోను చేసే ఇళ్ళున్నాయి. అలాంటి ఇళ్ళకు నేను మనిషిని పంపడం మానేశాను.

ఇంకో సవాలు మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని విజయవాడ చూసింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరి పేట వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. పడవల్లో, డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించారు. మంచం మీద ఉన్న మనిషికి అన్నం పొట్లం ఏం చేసుకోవాలి? ఎయిర్ బెడ్ మోటారు, గొంతులో కఫం లాగే సక్షన్ మెషీన్, ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్ అన్నీ కరెంటు మీదే. డ్యూటీ మార్చుకోవాల్సిన మనిషి నీళ్ళ అవతల. కాబట్టి నాన్నగారికి కాలితో నొక్కే సక్షన్ పంపు, మెషీన్లకు విడిగా ఇన్వర్టరు, పది రోజుల మందులూ డైపర్లూ ఎప్పుడూ ఇంట్లో ఉంచండి. గుంటూరుకు బుడమేరు లేకపోయినా తుపాను గాలికి కరెంటు పోవడం ఉంది. వార్డు సచివాలయంలో మంచంలో ఉన్న మనిషి ఇంట్లో ఉన్నారని చెప్పి ఉంచండి. ఖాళీ చేయించాల్సి వస్తే ముందు ఎవరి తలుపు తట్టాలో వాళ్ళకు తెలియాలి.

ఇక మీ నాన్నగారి సంగతి. 24 గంటల మనిషిని వెతకడం ఆపండి. పగలు ఒకరు, రాత్రి ఒకరు, పన్నెండేసి గంటలు పెట్టుకోండి. వారానికి 14 డ్యూటీలు, ఒక్కొక్కరికి ఆరు, మిగిలిన రెండూ రిలీవర్‌కు, అంటే వాళ్ళ సెలవు రోజున బదులు వచ్చే మనిషికి. ఇది కూడా వారానికి 72 గంటల పనే, ఆదర్శమేమీ కాదు, కాని మనిషి నిద్రపోతుంది, వారానికో రోజు ఇంటికి వెళ్తుంది. ఖర్చు రెట్టింపుకు దగ్గరవుతుంది. చెల్లెలితో మాట్లాడి పంచుకోండి. నర్సును రోజంతా పెట్టుకోకండి, అవసరం లేదు. వారానికోసారో రెండుసార్లో వచ్చి ట్యూబులు, చర్మం, బీపీ చూసి, అటెండెంట్ల చేత పని సరిగా చేయించే నర్సు చాలు. ఫిజియోథెరపీ మాత్రం ఆపకండి, మొదటి నెలల్లోనే ఎక్కువ లాభం, కాస్త లేచి కూర్చోగలిగినా మోసే పని సగం తగ్గుతుంది. ఏజెన్సీకి మీరిచ్చే దానిలో ఆమె చేతికి ఎంత వెళ్తుందో అడగండి, చెప్పకపోతే వేరే ఏజెన్సీ చూసుకోండి. అంట్లూ ఇల్లూ ఆమె పని కాదని అమ్మగారికి మీరే చెప్పాలి, అటెండెంట్‌కు ఆ మాట చెప్పే ధైర్యం ఉండదు. సంక్రాంతి రిలీవర్‌తో నవంబరులోనే మాట్లాడుకోండి.

ఏజెన్సీలో పెట్టుబడి గురించి. ఊరంతా బోర్డులు పెట్టి అడిగినవాళ్ళందరికీ మనిషిని పంపే లెక్క అయితే పెట్టకండి. పంపడానికి మనిషి ఉండదు, అడ్వాన్సులు తీసుకుని తిట్లు తింటారు. ఒకటి రెండు పేటలకే పరిమితమై, నడిచి వెళ్ళే దూరంలో ఉన్న ఇళ్ళకు జీతం మీద మనుషుల్ని పెట్టుకుని, రిలీవర్లకు ఖాళీగా ఉన్న రోజు కూడా జీతమిచ్చే పద్ధతైతే ఆలోచించవచ్చు. ఒక నర్సు పొద్దుటి పూట నాలుగైదు ఇళ్ళు చూడగలదు. కేరళలో మంచాన పడ్డవాళ్ళను ఇంటికి వెళ్ళి చూసే పాలియేటివ్ కేర్ పంచాయతీల చేతుల్లో, వాలంటీర్లతో నడుస్తోంది, అక్కడ 2008లోనే దానికి ప్రభుత్వ విధానం వచ్చింది. అది వ్యాపారం కాదు, కాని దగ్గర దగ్గర ఇళ్ళను ఒక జట్టు చూసుకోవడం అనే కిటుకు మాత్రం తీసుకోవచ్చు. మీ బంధువులమ్మాయిని మూడు కాగితాలు రాసుకు రమ్మనండి. రిలీవర్ల జీతం ఎక్కడి నుంచి వస్తుంది, పనిచేసేవాళ్ళకు పీఎఫ్, ఈఎస్ఐ ఎలా కడుతుంది, మిరప కోతల నెలల్లో ఎన్ని ఇళ్ళకు ‘లేదు’ అని చెబుతుంది. మూడోదానికి జవాబు సున్నా అని రాస్తే డబ్బు పెట్టకండి.